బస్తాల కింద గాలి ఆడాలి

వడ్లు ఊరికే రావు. నాట్లు వేస్తాం. కలుపు తీస్తాం. కోత కోస్తాం. ఇంత కష్టపడి ఇంటికి తెచ్చిన గింజ వానాకాలంలో చెడిపోతే ఎలా?

ఒక్కోసారి పై బస్తాలు బాగానే ఉంటాయి. అడుగు బస్తా మాత్రం ముక్కిన వాసన వేస్తుంది. విప్పి చూస్తే గింజలు గడ్డ కట్టి ఉంటాయి. బూజు కనిపిస్తుంది. ఇల్లు కురవలేదు. మరి తడి ఎక్కడిది?

ఆ తడి నేలది. నేలలో చెమ్మ మెల్లగా పైకి ఎక్కుతుంది. సిమెంటు నేలకైనా చెమ్మ రావచ్చు. గోనె సంచి దాన్ని పీల్చుకుంటుంది.

మీ ఇంటి నేలను పరీక్షించండి. ఒక ప్లాస్టిక్ కాగితం నేలమీద పరవండి. అంచుల మీద బరువు పెట్టండి. తెల్లారి తీసి చూడండి. కాగితం అడుగున నీటి చుక్కలు ఉంటే నేల చెమ్మగా ఉన్నట్టే.

ఏం చేయాలి?

1. వడ్లు బాగా ఎండాలి. గింజను కొరికితే కటుక్కున విరగాలి.
2. ఎండ వేడి చల్లారాక బస్తాలకు ఎత్తాలి.
3. నేలమీద ప్లాస్టిక్ పట్టా పరవాలి. దాని మీద ఇటుకలు పేర్చాలి. ఇటుకల మీద చెక్క పలకలు వేయాలి. పలకల మధ్య రెండు వేళ్ళ సందు ఉంచాలి.
4. బస్తాలను గోడకు అడుగు ఎడంగా పెట్టాలి.

"పలకల కింద ఎలుకలు దూరతాయి కదమ్మా?" అంటారా? నిజమే. అందుకే కొందరు ఆ సందులో పాత గుడ్డలు కుక్కుతారు. అలా చేస్తే గాలి ఆడదు. చెమ్మ అక్కడే నిలుస్తుంది. చెక్క పుచ్చిపోతుంది. చెదలు పడతాయి. గుడ్డలకు బదులు సన్న కన్నుల ఇనుప జాలీ బిగించండి. గాలి వస్తుంది. ఎలుక రాదు.

ఎండ కాసిన రోజు గది కిటికీ తెరవండి. ముసురు పట్టిన రోజు మూయండి. వాన గాలిలో తడి ఎక్కువ.

భారత ఆహార సంస్థ గిడ్డంగుల్లో కూడా బస్తాల కింద చెక్క చట్రాలు వేస్తారు. పెద్ద గిడ్డంగికైనా మన ఇంటికైనా సూత్రం ఒక్కటే.

ఇంకో మాట. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న తినకండి. పిల్లలకు పెట్టకండి. పశువులకూ వేయకండి. ఆ బూజులో విషం పుట్టవచ్చు. అది లివరును పాడు చేస్తుంది. కడిగినా, వండినా ఆ విషం పూర్తిగా పోదు.

చెప్పండి

1. అడుగు బస్తాకు తడి ఎక్కడి నుంచి వస్తుంది?
2. పలకల కింద గుడ్డలు ఎందుకు కుక్కకూడదు?

లెక్క చేయండి

ఒక బస్తాలో 75 కిలోల వడ్లు ఉన్నాయి. అలాంటివి 2 బస్తాలు చెడిపోయాయి. ఎన్ని కిలోలు నష్టం? ఆ వడ్లు మీ ఇంటికి ఎన్ని రోజులు వచ్చేవి?