విగ్రహము, దాని ముందరి నేల

గుణదల కొండమీది మరియమాత గుహను ఎరుగనివారు కృష్ణాతీరమున అరుదు. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు ప్రతిష్ఠించిన ఆ విగ్రహము ఆకాశమునంటునది కాదు. అయినను ఏటేట ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు జరుగు తిరునాళ్లకు క్రైస్తవులే గాక హిందువులును వచ్చి తలనీలాలు సమర్పింతురు, కొబ్బరికాయలు కొట్టుదురు. మెట్లమీద ఎవరి మతమును ఎవరును అడుగరు.

అచటికి కొన్ని మైళ్లలోనే, విజయవాడ స్వరాజ్య మైదానమున 81 అడుగుల పీఠముపై 125 అడుగుల అంబేద్కరు విగ్రహము 2024 జనవరి 19న ఆవిష్కరింపబడినది. పీఠము చెంత నిలిచి చూచినచో మెడనొప్పియే గాని ముఖము సరిగా కానరాదు. దూరముగా జరిగిననే మూర్తి నిండుగా కనబడును. ఆ దూరము నిచ్చునది చుట్టునున్న విశాలమైన ఆవరణము. పూర్వము పుస్తక మహోత్సవములు, బహిరంగ సభలు జరిగిన చోటది. జనము కూడుట ఆ నేలకు క్రొత్త గాదు.

మన గ్రామములలోను అంబేద్కరు విగ్రహములు పెక్కు గలవు. చేత పుస్తకము, చాచిన వ్రేలు. కాని కొన్ని ఊళ్లలో వానిచుట్టు ఇనుప కటకటాలు గలవు. అవమానము జరుగునను భయముచే పెట్టినవారిని మేము తప్పుపట్టము. అయినను అవి యున్నంత కాలము ఊరికిని పేటకును నడుమ మాట కుదరలేదనియే అర్థము. ఆ మాట కుదుర్చుట పోలీసుల పని కాదు, పంచాయతీది.

క్రొత్తగా విగ్రహము నిలుపదలచినవారు ఒకటి గమనింపవలెను. రహదారులపైనను, కాలిబాటలపైనను, ఇతర ప్రజోపయోగ స్థలములలోను విగ్రహములకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించినది. లారీలు తిరుగు కూడలిలో దండ వేయుటకే దారి యుండదు, ఇక కూర్చుండుట ఎక్కడ? అనుమతి పొందదగిన స్థలము ముందు చూడుడు. చెట్టునీడ, అరుగు, మంచినీటి కుళాయి అమరునో లేదో చూడుడు. ఏ వాడవారు ఏ దారిన రాగలరో గ్రామసభలో విచారింపుడు. ఆ సభకు పేటవారిని ముందుగా పిలువుడు.