బొమ్మ పోయింది - తప్పెవరిది?

మీ ఇల్లు రాయవరంలో ఉందనుకోండి. చుట్టూ కొబ్బరిచెట్లు, డాబా మీద ఉపగ్రహ ప్రసారాలు అందుకునే డిష్. రాత్రంతా వాన కురిసి, తెల్లవారేసరికి వెలిసింది. టీవీ పెట్టారు. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయింది. కాసేపటికి "సిగ్నల్ లేదు" అన్న మాట తెర మీద నిలిచింది.

"సెట్‌టాప్ బాక్సు పోయింది, కొత్తది కొనాలి" అన్నారు నాన్నగారు. "డిష్ గాలికి కదిలింది" అన్నాడు బాబాయి.

డబ్బు ఖర్చు పెట్టేముందు కాస్త ఆలోచిద్దాం. ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. అంత దూరం దాటి వచ్చిన సంకేతం, డాబా నుంచి టీవీ దాకా ఉన్న 15 మీటర్లు దాటలేకపోయిందేమో! ఆ 15 మీటర్లలో ఉన్నది ఒక నల్లని కేబుల్. పదేళ్ళుగా ఎండకు ఎండి, వానకు తడుస్తున్న కేబుల్.

కేబుల్ లోపల ఏముంది?

పనికిరాని ముక్క దొరికితే జాగ్రత్తగా ఒలిచి చూడండి. నల్లని తొడుగు కింద సన్నని తీగల అల్లిక, దాని కింద అల్యూమినియం రేకు, ఆపైన తెల్లని పాలిథీన్ నురుగు, నడిమధ్య రాగిరంగు తీగ. ఆ తీగకు అయస్కాంతం పెట్టండి. అతుక్కుందా? అయితే అది రాగిపూత పూసిన ఉక్కు.

మధ్య తీగకూ, అల్లికకూ అక్షం ఒక్కటే. అందుకే దీన్ని కోయాక్సియల్ కేబుల్ అన్నారు. 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ ఇలాంటి కేబుల్‌కు పేటెంటు తీసుకున్నాడు. బడి చదువు పదహారో ఏటనే ఆపి, తంతి ఉద్యోగం చేసినవాడాయన.

ఇక్కడే ఒక తమాషా ఉంది. గొట్టంలో నీరు పారినట్టు సంకేతం రాగి లోపల పారదు. అది విద్యుదయస్కాంత తరంగం. మధ్య తీగకూ అల్లికకూ నడుమ ఉన్న తెల్లని నురుగులో అది ప్రయాణిస్తుంది. లోహాలు రెండూ కాలువకు గట్లలాంటివి. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర విద్యుత్తు రాగి పైపొరలో సుమారు మిల్లీమీటరులో 500వ వంతు లోతు వరకే ప్రవహిస్తుంది. ఉక్కు మీద రాగిపూత సరిపోవడానికి కారణం ఇదే.

నీరు చేరితే ఏమవుతుంది?

ఏళ్ళ తరబడి ఎండ తగిలితే తొడుగు పెళుసెక్కి పగులుతుంది. ఆ పగుళ్ళలోంచి, సరిగా బిగించని కనెక్టర్లలోంచి వాననీరు దూరుతుంది. వత్తిలోకి నూనె పాకినట్టు అల్లిక వెంట లోపలికి పాకుతుంది. మీరు పాఠంలో చదివిన కేశనాళికీయత ఇదే. ఇత్తడి బిందెకు పట్టినట్టే రాగికి చిలుము పడుతుంది. ప్రవాహమంతా పైపొరలోనే కదా, ఆ పొరే పాడైతే నష్టం ఎక్కువ.

రోధక స్థిరాంకం పాలిథీన్‌కు సుమారు 2.3, నీటికి సుమారు 80. దారిలో గుణం ఇలా మారినచోట తరంగం కొంత వెనక్కి తిరుగుతుంది. మరికొంత శక్తిని నీరు పీల్చుకుని వేడిగా మార్చేస్తుంది.

ఇళ్ళలో వాడే మంచి ఆర్‌జి-6 కేబుల్‌లో కూడా 1000 మెగాహెర్ట్జ్ సంకేతం సుమారు 15 మీటర్లకు సగమవుతుంది. 30 మీటర్లకు నాలుగో వంతు మిగులుతుంది. 60 మీటర్లకు ఎంత? మీరే లెక్క కట్టండి. పదహారో వంతు! తడిసిన కేబుల్‌లో నష్టం ఇంకా ఎక్కువ.

పాతకాలపు టీవీలో సంకేతం తగ్గుతున్నకొద్దీ బొమ్మ మీద చుక్కలు పడేవి. ముందే తెలిసేది. డిజిటల్ ప్రసారం అలా కాదు. కావలసినంత సంకేతం ఉన్నంతవరకు బొమ్మ చక్కగా ఉంటుంది. కొంచెం తగ్గితే ఒక్కసారిగా విరిగిపోతుంది.

తప్పు పట్టుకునేదెలా?

జోరువాన కురుస్తున్నప్పుడు బొమ్మ పోయి, వాన తగ్గగానే వస్తే తప్పు కేబుల్‌ది కాదు. ఆకాశంలోని వానచినుకులే తరంగాన్ని బలహీనపరిచాయి. వాన వెలిసినా రాకుండా, బాగా ఎండ కాశాక వస్తే కేబుల్‌ను అనుమానించండి. కనెక్టరు విప్పితే అల్లిక నల్లబడి, రాగి పచ్చబడి ఉంటే అనుమానం బలపడినట్టే.

డిష్‌ను, బాక్సును ముట్టుకోకుండా రెండింటినీ కొత్త కేబుల్‌తో కలిపి చూడండి. బొమ్మ వచ్చిందా? దోషి దొరికాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేసేదీ ఇదే.

మార్చేటప్పుడు పాతదానికి అతుకు వేయకండి. తడి ఎంతదూరం పాకిందో పైకి కనబడదు. మధ్యలో అతుకు లేని కేబుల్, కొత్త కనెక్టర్లు వేయండి. అల్లికలో ఒక్క పోగైనా మధ్య తీగకు తగలకూడదు. బయటి కనెక్టరు చుట్టూ నీరు చొరని రబ్బరు టేపు చుట్టండి. గోడలోకి వెళ్ళేముందు కేబుల్‌ను కిందికి వేలాడేలా వదలండి. వాననీరు అక్కడే బొట్లుగా కారిపోతుంది.

ఒక హెచ్చరిక. ఈ కేబుల్‌లోనే బాక్సు నుంచి డిష్ మీది ఎల్‌ఎన్‌బికి 13 లేదా 18 వోల్టులు వెళతాయి. అందుచేత ముందు బాక్సు ప్లగ్గు తీసేయండి. డాబా మీదికి పెద్దవాళ్ళతోనే వెళ్ళండి. ఉరుములు వినబడుతుంటే అసలే వెళ్ళకండి.

ఇంత శ్రమ సినిమా కోసమేనా? 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఎలా చిదిమేసిందో మీ తాతయ్యనూ, అమ్మమ్మనూ అడగండి. తుపాను హెచ్చరిక ఇంటికి చేరే దారుల్లో టీవీ ఒకటి. వానలు మొదలుకాకముందే ఆ దారి బాగుందో లేదో చూసుకోండి.