పంట కోత - ఖాతా కోత

ఈ వ్యాసం నిజానికి ఎకనామిక్స్ విద్యార్థులు రాయవలసింది. నేను బి.ఎస్సీ. చదువుతున్నవాణ్ణి. మాది మరిపెడ మండలంలో వ్యవసాయ కుటుంబం. పత్తి, మిరప, కొంత వరి వేస్తాము. బ్యాంకుల గురించి నేను పుస్తకాల్లో చదివింది తక్కువ, కౌంటరు ముందు లైన్ల నిలబడి నేర్చుకున్నది ఎక్కువ. అయినా కలం పట్టటానికి కారణం ఒక్కటే. మన ఖాతాలోంచి బ్యాంకు కోసుకునే రుసుముల వెనుక ఉన్నది హైస్కూలు లెక్క. సగటు తీయటం వచ్చిన ప్రతి విద్యార్థికీ అది అర్థమవుతుంది. కాని మన ఇండ్లల్లో ఆ లెక్క అడిగేవారు లేరు, విడమరిచి చెప్పేవారు అంతకన్నా లేరు.

కొంత పూర్వరంగం

మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఎస్.బి.హెచ్." అనే అంటారు. నిజాం ప్రభుత్వం 1941లో చేసిన చట్టం ప్రకారం హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడింది. ఆనాటి ఉస్మానియా సిక్కా వ్యవహారాలు కూడా దాని చేతిలోనే ఉండేవి. 1956లో అది రిజర్వు బ్యాంకు కిందికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959 చట్టంతో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకుగా మారింది. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన తర్వాత బ్యాంకులు పల్లెలకు రావటం ఊపందుకుంది. షావుకారు గడప తొక్కకుండా రైతు తన పైసలు తాను దాచుకోవాలన్నది ఆనాటి ఆశయం.

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. సరిగ్గా అదే రోజున ఆ పెద్ద బ్యాంకు, 2012లో మానుకున్న ఒక పద్ధతిని మళ్ళీ తెచ్చింది. అదే కనీస నిల్వ లేని ఖాతాలపై జరిమానా. గ్రామీణ శాఖల్లో నెలసరి సగటు నిల్వ 1,000 రూపాయలు, చిన్న పట్టణాల్లో 2,000, నగరాల్లో 3,000, మహానగరాల్లో 5,000 ఉండాలన్నారు. తగ్గితే గ్రామాల్లో నెలకు 20 నుంచి 50 రూపాయల దాకా కోత, దాని మీద పన్ను. జన్‌ధన్, పింఛను, జీతం ఖాతాల వంటి వాటికి మినహాయింపులు ఉండేవి. మామూలు పొదుపు ఖాతా ఉన్న రైతుకు మాత్రం మినహాయింపు ఉండేది కాదు.

సగటు అంటే ఏమిటి?

చాలామంది అనుకునేది "ఎప్పుడూ వెయ్యి రూపాయలు ముట్టకుండా ఉంచాలె" అని. అది సరి కాదు. ప్రతి రోజు సాయంత్రం ఖాతాలో మిగిలిన నిల్వలన్నీ కూడి, నెలలో ఎన్ని రోజులుంటే అంతతో భాగించాలి. వచ్చేదే నెలసరి సగటు నిల్వ. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక రైతు ఖాతాలో జూన్ 1 నుంచి 10 దాకా 2,400 రూపాయలు ఉన్నాయి. 11వ తేదీన విత్తనాల కోసం 2,200 తీసినాడు. మిగిలిన 20 రోజులు 200 మాత్రమే ఉంది.

2,400 × 10 = 24,000
200 × 20 = 4,000
మొత్తం 28,000, దాన్ని 30తో భాగిస్తే 933.33.

వెయ్యికి 66 రూపాయల 67 పైసలు తక్కువైంది. కోత పడుతుంది. జూలైలో అదే రైతు ఖాతాలో 29 రోజులు 200 రూపాయలే ఉండి, రెండు రోజులు మాత్రం అప్పు తెచ్చిన 15,000 నిలిచాయి అనుకుందాం. 5,800కు 30,000 కలిపి 31తో భాగిస్తే 1,154 దాటుతుంది. కోత లేదు! అంటే నెలలో 29 రోజులు ఖాళీగా ఉన్న ఖాతా గట్టెక్కింది, పది రోజులు నిండుగా ఉన్న ఖాతా చిక్కుకుంది. ఈ సంగతి తెలిసినవాడు తప్పించుకుంటాడు, తెలియనివాడు కట్టుకుంటాడు.

రైతుకు ఏడాది, బ్యాంకుకు నెల

అసలు చిక్కు ఇక్కడ ఉంది. జీతగాడికి ప్రతి నెల ఒకటో తారీఖున జీతం వస్తుంది. అతనికి నెల అనే కొలత సరిపోతుంది. రైతుకు నెల లేదు, పంట ఉంది. మా దగ్గర పత్తి పైసలు చలికాలంలో, మిరప పైసలు ఎండాకాలం మొదట్లో చేతికొస్తాయి. వానలు పడగానే విత్తనాలు, ఎరువులు, కూలీలు అంటూ ఖాతా అడుగంటుతుంది. ఒక ఊహా ఖాతా తీసుకుని పన్నెండు నెలల సగటు నిల్వలు రాస్తాను.

మార్చి 40,000, ఏప్రిల్ 25,000, మే 9,000, జూన్ 900, జూలై 300, ఆగస్టు 200, సెప్టెంబరు 200, అక్టోబరు 400, నవంబరు 3,000, డిసెంబరు 12,000, జనవరి 6,000, ఫిబ్రవరి 2,000.

అన్నీ కూడితే 99,000. పన్నెండుతో భాగిస్తే 8,250. అంటే బ్యాంకు అడిగిన వెయ్యికి ఎనిమిది రెట్ల పైచిలుకు సొమ్ము సంవత్సరమంతా సగటున ఆ బ్యాంకు చేతిలోనే ఉంది. ఆ సొమ్మును బ్యాంకు ఇతరులకు అప్పులిచ్చుకోవచ్చు. అయినా జూన్ నుంచి అక్టోబరు దాకా అయిదు నెలలూ ఆ రైతు "నిల్వ లేనివాడే". ప్రతి నెలా కోతే. కొలిచే కర్రను నెల నుంచి ఏడాదికి మారిస్తే అతనిది ఏ తప్పూ ఉండదు. ఇందులో బ్యాంకువారు కూడికలో మోసం చేసినారని నేను అనటం లేదు. కూడిక సరిగానే ఉంది, కొలతే రైతుది కాదు. పైగా చేతిలో పైసా ఆడని నెలల్లోనే ఈ జరిమానా పడుతుంది. ఇది నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం.

మా ఇంట్లో జరిగింది

2023 వానాకాలంలో మా బాపు ఖాతాల పి.ఎం. కిసాన్ 2,000 పడ్డయి. అంతకుముందు 112 ఉండె. బ్యాంకు పేరు ఇక్కడ అవసరం లేదు. 2,000 తీద్దామని వోచరు రాసిస్తే అంత లేవు, 1,935 మాత్రమే ఉన్నయన్నరు.

"ఏంది సారూ, రెండు వేలు పడ్డయని ఫోన్ల మెసేజ్ వచ్చింది గదా?" అని బాపు అడిగిండు.

"మినిమం బ్యాలెన్స్ లేదు పెద్దాయనా. సిస్టమే కట్ చేసుకుంటది, మా చేతుల ఏం లేదు" అన్నరు.

పాస్‌బుక్ ముద్రించే మిషన్ ఆ రోజు ఖరాబైంది. రెండోసారి పోతే సర్వర్ లేదన్నరు. మూడోసారి నేను వెంట పోతే లెక్క బయటపడ్డది. 30 రూపాయలకు 18 శాతం పన్ను కలిపి 35.40, అట్లాంటివి అయిదు, మొత్తం 177. పైసలు లేని నెలల కోతలన్నీ దాచిపెట్టి, పైసలు పడంగనే ఒక్కసారి పట్టుకున్నరు. 177 పెద్ద సొమ్ము కాకపోవచ్చు. కాని మూడుసార్లు ఆటో కిరాయి, మూడు రోజుల పొలం పని కలిపితే అది చిన్నదీ కాదు. అన్నిటికన్నా బాధ కలిగించింది, "సిస్టమ్" అన్న మాట. మనిషిని అడిగితే మిషన్ పేరు చెప్తరు, మిషన్‌ను అడిగేటందుకు మనకు నోరు లేదు.

మేము కాగితం మీద ఫిర్యాదు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాము. పందొమ్మిదో రోజున జవాబు వచ్చింది. రెండు కోతలు తిరిగి జమ చేసినారు, మిగతా మూడు చేయలేదు. ఖాతాను మాత్రం కనీస నిల్వ అక్కరలేని ఖాతాగా మార్చినారు.

బ్యాంకు వాదన

ఒక వైపే చెప్పటం విజ్ఞాన విద్యార్థికి తగదు. శాఖ నడపటానికి, నగదు తేవటానికి, ఉద్యోగులకు ఖర్చవుతుంది. జన్‌ధన్ ఖాతాల వంటి సున్నా నిల్వ ఖాతాల భారాన్ని ఎక్కడో ఒకచోట సర్దుకోవాలని 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఛైర్మన్‌గా ఉన్న అరుంధతీ భట్టాచార్య వివరించారు. కౌంటరులో ఒక్క క్లర్కే వందమందికి జవాబు చెప్పవలసి వస్తే ఆయనకూ విసుగు పుడుతుంది. ఇదంతా నిజమే.

అయితే 2017 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ బ్యాంకు ఈ జరిమానాగా వసూలు చేసింది 1,771 కోట్ల రూపాయలు. ఆ ఏడు జూలై-సెప్టెంబరు మూడు నెలల నికర లాభం 1,581 కోట్లని పత్రికలు పోల్చి రాశాయి. ఎనిమిది నెలల వసూలును మూడు నెలల లాభంతో తూచటం సరియైన తూకం కాదు. కాని తక్కువ ఉన్నవారి వద్ద ఇంత వసూలైందన్న మాట నిలుస్తుంది. విమర్శలు రాగా 2018 ఏప్రిల్ నుంచి గ్రామాల్లో గరిష్ఠ కోతను 10 రూపాయలకు తగ్గించారు. 2020 మార్చిలో పూర్తిగా ఎత్తివేశారు. మిగతా బ్యాంకుల్లో కొన్ని కొనసాగించాయి. 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్ళలో ప్రభుత్వరంగ బ్యాంకులు ఈ పద్దు కింద సుమారు 8,500 కోట్లు వసూలు చేసినట్లు 2024లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు కూడా ఈ జరిమానాను రద్దు చేశాయి. కోత లేకుండా బ్యాంకు నడవదన్న వాదన దీనితో బలహీనపడింది.

ఒక ఆచార్యుని లెక్క

లెక్కకు ఎంత బలం ఉందో చూడండి. బొంబాయి ఐ.ఐ.టి. గణిత విభాగంలోని ఆచార్య ఆశిష్ దాస్ 2021లో ఒక అధ్యయనం వెలువరించారు. సున్నా నిల్వ ఖాతాల్లో నెలకు నాలుగు దాటిన ప్రతి చెల్లింపుకూ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 17 రూపాయల 70 పైసలు కోసిందని, సుమారు 12 కోట్ల ఖాతాల నుంచి 2015-20 మధ్య 300 కోట్లకు పైగా వచ్చిందని అందులో చూపారు. 15 రూపాయలకు 18 శాతం పన్ను కలిపితే 17.70 అవుతుంది. ఒక్కొక్కరికి పోయింది కొద్దే కనుక ఎవరూ కోర్టుకు పోరు. అందరిదీ కూడి చూపినప్పుడే దేశానికి కనిపించింది.

నిబంధనలు, మనం చేయదగినవి

మొదటిది, ఖాతా రకం తెలుసుకోవటం. 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు "ప్రాథమిక పొదుపు ఖాతా" అనే దాన్ని అన్ని బ్యాంకుల్లో ఉంచాలని ఆదేశించింది. దీనికి కనీస నిల్వ అక్కరలేదు, నెలకు కనీసం నాలుగు సార్లు ఉచితంగా తీసుకోవచ్చు. ఉన్న ఖాతానే ఇట్లా మార్చమని రాసి ఇవ్వవచ్చు. అదే బ్యాంకులో వేరే పొదుపు ఖాతా మాత్రం ఉండరాదు. ఇలాంటి ఖాతా ఒక హక్కుగా యూరపు దేశాల్లో 2014 నాటి ఉమ్మడి ఆదేశంతో వచ్చింది. మనది అంతకు రెండేళ్ళు ముందే వచ్చింది, కాని మన ఊళ్ళల్ల ఎంతమందికి తెలుసు?

రెండవది, జరిమానాకు కూడా హద్దులున్నాయి. 2015 ఏప్రిల్ నుంచి అమలైన ఉత్తర్వు ప్రకారం నిల్వ తగ్గితే ముందుగా తెలియజేయాలి, సరిచేసుకోవటానికి కనీసం ఒక నెల గడువివ్వాలి, ఎంత తగ్గిందో దానికి తగినట్లే రుసుము ఉండాలి, కేవలం ఈ కోత వల్ల ఖాతా సున్నా కిందికి దిగరాదు.

మూడవది, ఏ.టి.ఎం.లో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే లావాదేవీ జరిగిన నాటి నుంచి అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు ఇవ్వాలి. ఈ నియమం 2019 అక్టోబరు నుంచి ఉంది.

నాలుగవది, ఫిర్యాదు నోటితో కాదు, కాగితంతో చేయాలి. తేదీ, ఖాతా సంఖ్య, కోసిన సొమ్ము రాసి, ప్రతి మీద ముద్ర తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. చండీగఢ్‌లోని కేంద్రానికి ఉత్తరం వేసినా చాలు. 14448కు ఫోను చేస్తే దారి చెప్తారు. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

మిత్రులారా, మనలో చాలామంది ఇండ్లల్లో చదువుకున్న మొదటి తరం మనమే. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఉన్న పాస్‌బుక్‌ను ఒకసారి ముద్రింపించి, ప్రతి కోత పక్కన అది ఎందుకో పెన్సిలుతో రాద్దాం. తెలియనిదాన్ని బ్యాంకుకు పోయి మర్యాదగా అడుగుదాం. పక్కింటివాళ్ళవి, తండాలోవి కూడా చూద్దాం. మన యూనియన్ ప్రతి సెలవుల తర్వాత ఆ లెక్కలన్నీ ఒకచోట కూర్చి, రైతు ఖాతాకు నెలసరి సగటు కాదు, ఏడాది సగటు చూడాలని రిజర్వు బ్యాంకుకు రాస్తే బాగుంటుంది. 99,000ను పన్నెండుతో భాగించటం మనకు వచ్చు. ఆ జవాబును అడగవలసిన చోట అడగటమే మిగిలింది.