చౌడు కడిగే ముందు జిప్సం సంగతి తెలుసుకోండి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఉప్పగా ఉన్న బోరు నీరు ఏళ్ల తరబడి పెడితే చేను చౌడు బారుతుంది. "నాలుగు తడులు మంచినీళ్లు పెడితే ఉప్పు పోద్ది" అని చాలామంది రైతు సోదరులు అనుకుంటారు. పాలచౌడు విషయంలో అది నిజమే. సోడియం పట్టిన నేలలో మాత్రం అలా చేస్తే నేల మరింత బిగుసుకుపోతుంది.

మట్టిలో జరిగేది ఇదీ

రేగడి బంకమట్టి పుస్తకంలో కాగితాల మాదిరి పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో సుమారు పది లక్షలో వంతు. పొరలకు రుణ విద్యుదావేశం ఉంటుంది. కాబట్టి ధన ఆవేశం గల సోడియం, కాల్షియం కణాలు పొరల సందుల్లో చేరతాయి. కాల్షియానికి రెండు ఆవేశాలు, పొరలను దగ్గరగా పట్టి ఉంచుతుంది. సోడియానికి ఒక్కటే, పట్టు తక్కువ.

బయటి నీరు ఉప్పగా ఉన్నంతకాలం పొరలు అణిగి ఉంటాయి. వాన నీరో, కాలువ నీరో తగలగానే సందుల్లో ఉప్పు ఎక్కువ, బయట తక్కువ అవుతుంది. ఈ తేడాతో నీరు సందుల్లోకి చొరబడుతుంది. సోడియం పొరలు ఉబ్బి, విడిపోయి, మట్టి రంధ్రాలను పూడ్చేస్తాయి. ఇక నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు.

ఏ చౌడో గుర్తించండి

పాలచౌడు: పైన తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఇ.సి. 4 మిల్లీమోస్ పైన, ఉదజని సూచిక 8.5 లోపు.

కారుచౌడు: ఉదజని సూచిక 8.5 పైన, మార్పిడి చెందే సోడియం 15 శాతం పైన. రెండూ కలిసిన నేలలూ ఉంటాయి.

రెండు గ్లాసుల వాన నీటిలో చెంచాడు చొప్పున మట్టి కలిపి, ఒకదానిలో కాస్త జిప్సం వేయండి. తెల్లారేసరికి జిప్సం వేసింది తేరుకుని, రెండోది బురదగానే ఉంటే సోడియం ఉందని అనుమానించాలి. రెండూ తేరుకున్నాయని ధీమా వద్దు. ఉప్పు బాగా ఎక్కువున్నా నీరు తేరుకుంటుంది. భూసార పరీక్ష తప్పనిసరి.

చేయవలసిన పనులు

1. చౌడు మచ్చలోని మట్టిని మంచి నేల మట్టితో కలపకుండా విడిగా పరీక్షకు పంపండి. బోరు నీటినీ పంపండి.

2. పాలచౌడైతే గట్లు వేసి, మంచినీరు నిలగట్టి, మురుగు కాలువ ద్వారా తీసేయండి.

3. కారుచౌడు, కలిసిన చౌడు అయితే ముందు జిప్సం. పరీక్షలో చెప్పిన మోతాదు చల్లి, పై 10 సెంటీమీటర్లలో కలిపి, ఆ తర్వాతే నీరు పెట్టండి. కాల్షియం లోపలికి చేరి సోడియాన్ని బయటకు నెడుతుంది. మురుగు పోయే దారి లేకుంటే జిప్సం ఖర్చు వృథా.

4. ఆ తర్వాత జీలుగ చల్లి, పూతకొచ్చే వేళ కలియదున్నండి.

నేల ఇ.సి. 1.5 దాటితే మిరప దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పత్తి 7.7 వరకూ తట్టుకుంటుంది. పత్తి బాగుందని అదే చేలో మిరప వేసి నష్టపోకండి.

చౌడు నేలలు, ఉప్పునీటి వాడకంపై బాపట్లలో పరిశోధన కేంద్రం ఉంది. జిప్సం కొనేముందు పరీక్ష ఫలితం చూపించి సలహా తీసుకోండి.