పట్టా, పని, నైపుణ్యము - ఒమాన్ దేశము నేర్పు పాఠము

ఒక తరము చెఱకు తోటలలోను, రబ్బరు తోటలలోను చెమటోడ్చినది. తరువాతి తరము అర్ధాకలితోనైనను పిల్లలను బడికి పంపినది. ఆ పిల్లల సంతానము కళాశాలలకు వెళ్ళి పట్టాలను అందుకొన్నది. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా, మలేసియా దేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటి చరిత్ర ఇదియే. పట్టా చేతికి వచ్చిన దినము ఇంటిల్లిపాదికిని పండుగ. అయితే పట్టాతోపాటు ఉద్యోగము వచ్చుననెడి ధీమా నేడు లేదు. వచ్చిన ఉద్యోగము కడవరకు నిలుచుననెడి నమ్మకము అంతకన్న లేదు.

ఈ చిక్కును స్పష్టముగా చూపు దేశము ఒమాన్. అచ్చట ఆ దేశపు పట్టభద్రులును, బ్రతుకుతెరువు కొరకు వచ్చిన తెలుగు పట్టభద్రులును ఒకే ప్రశ్నను ఎదుర్కొనుచున్నారు: చదివిన చదువును జీవితమునకు ఆధారముగా మలచుకొనుట ఎట్లు?

మూడు బడుల దేశము

ఒమాన్ దేశము చమురును ఎగుమతి చేయుట 1967లో మొదలైనది. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ అధికారమునకు వచ్చునాటికి దేశమంతటికిని ఆధునిక పాఠశాలలు మూడే. వానిలో చదువువారు సుమారు 900 మంది, అందరును బాలురే. ఆ తరువాత చమురు ఆదాయముతో ఊరూర బడులు వెలసినవి. బాలికలకును చదువు అందినది. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయము వైద్యము, ఇంజనీరింగు, వ్యవసాయము, విద్య, విజ్ఞానశాస్త్రము అను ఐదు కళాశాలలతో ప్రారంభమైనది. అక్షరము రాని తాతకు ఇంజనీరైన మనుమరాలు కలుగుట ఆ దేశమున ఒక్క జీవితకాలములో జరిగిన మార్పు. తోటల సంతతివారికి ఈ మార్పు సుపరిచితమే.

బడులు పెరుగుచున్న ఆ దినములలో దేశమునకు కావలసిన రోడ్లు, ఆసుపత్రులు, కార్యాలయములు నడచుటకు పరదేశీయులు వచ్చిరి. వారిలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉండిరి. స్వదేశపు యువత పట్టాలతో బయటకు వచ్చునప్పటికి ప్రభుత్వ కార్యాలయములు నిండినవి. ప్రైవేటు సంస్థలు తక్కువ జీతమునకు వచ్చు పరదేశీయులకు అలవాటుపడినవి. 2011 ఫిబ్రవరిలో సోహార్ పట్టణమున యువకులు వీధికెక్కిరి. ప్రభుత్వము 50,000 ఉద్యోగములు కల్పించుననియు, నమోదైన నిరుద్యోగులకు నెలకు 150 రియాళ్ళ భృతి ఇచ్చుననియు ప్రకటన వెలువడినది. పదేండ్లకు, 2021 మే నెలలో, అదే సోహార్‌లో అదే కోరిక మరల వినబడినది. ఈసారి 32,000 ఉద్యోగావకాశములకు ఆదేశము జారీయైనది.

ప్రభుత్వము పదవులను సృష్టింపగలదు. కాని ఏటేట బయటకు వచ్చు పట్టభద్రులందరికిని సరిపడునన్ని పదవులను ఏ ప్రభుత్వమును సృష్టింపజాలదు. అందుచేతనే 2013లో ఒమాన్ చిన్న, మధ్యతరహా సంస్థల కొరకు 'రియాదా' అను ప్రత్యేక సంస్థను స్థాపించి, యువతను స్వయముగా వ్యాపారము ప్రారంభింపుమని ప్రోత్సహించినది.

ఇంటివారికి మొదటి చోటు

ఉద్యోగములలో స్వదేశీయులకు ప్రాధాన్యము ఇచ్చు విధానమును అచ్చట 'ఒమనైజేషన్' అందురు. ఇది 1988 నుండి క్రమముగా అమలునకు వచ్చినది. బ్యాంకులలో నేడు నూటికి తొంబదిమందికి పైగా ఒమాన్ పౌరులే. 2018 జనవరిలో 87 వృత్తులలో పరదేశీయులకు క్రొత్త వీసాలు ఆరు నెలలపాటు నిలిపివేయబడి, ఆ గడువు తరువాత పొడిగింపబడినది. ఆ జాబితాలో ఇంజనీరింగు, జమాఖర్చుల లెక్కలు, కంప్యూటరు, నర్సింగు వంటి చదువుకొన్నవారి పనులే మిక్కుటముగా ఉండెను.

గోదావరి జిల్లాలనుండియో, కడపనుండియో, కరీంనగరమునుండియో అప్పుచేసి వెళ్ళిన పట్టభద్రునికి ఇది కష్టముగా తోచుట సహజము. అయినను దీనిని అన్యాయమనుట తగదు. తమ బిడ్డలకు తమ గడ్డపై పని దొరకవలెనని కోరుట ఏ జాతికైనను ధర్మమే. తోటల సంతతివారు తాము పౌరులైన దేశములలో తమ పిల్లలకు అదే కోరుకొనుచున్నారు గదా!

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. నాడు కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులనుండి ఓడలెక్కిన పూర్వీకులు ఐదేండ్ల ఒడంబడికతో వెళ్ళిరి. గడువు తీరిన పిమ్మట కొందరు తిరిగి వచ్చిరి. పెక్కుమంది అచ్చటనే నిలిచి, తుండు నేల సంపాదించి, ఆ దేశపు పౌరులైరి. ఒమాన్ వెళ్ళిన పట్టభద్రునికి ఆ ముగింపు లేదు. పరదేశీయునికి అచ్చటి పౌరసత్వము లభించుట మిక్కిలి అరుదు. ఇరువది ఏండ్లు పనిచేసినను అతని నివాసము ఉద్యోగముపై ఆధారపడి ఉండును. పూర్వీకులకు నేల ఆస్తియైనది; ఇతనికి నైపుణ్యమే నేల. కుర్చీ ఆ దేశమునకు చెందినది, పనితనము అతనికి చెందినది.

చదివి వేయవలసిన సంతకము

గిరిమిట్టు కాగితముపై వేలిముద్ర వేసిన పూర్వీకులకు అందులో ఏమున్నదో చదువు శక్తి లేకపోయెను. వెళ్ళు దేశమెంత దూరమో, చేయవలసిన పని ఎట్టిదో ఎరుగనివారు పెక్కుమంది. 1917లో భారతదేశమునుండి ఆ పద్ధతిపై కూలీలను పంపుట నిలిచినది. చదువురానివాడు మోసపోవుట దౌర్భాగ్యము. చదువుకొన్నవాడు చదువక సంతకము చేయుట అవివేకము. నేటి పట్టభద్రుడు మోసపోవు తావులు ముఖ్యముగా మూడు.

మొదటిది, వీసాలోని వృత్తి ఒకటి, చేయించు పని వేరొకటి. ఇంజనీరునని వెళ్ళినవానికి కూలివాని వీసా ఉన్నచో, ఆ అనుభవము కాగితముపై నిలువదు. పైగా అది చట్టవిరుద్ధము.

రెండవది, సందర్శక వీసాపై వెళ్ళి అచ్చట పని వెదకుకొనవచ్చునను ఏజెంటు మాట. సందర్శక వీసాను ఉద్యోగ వీసాగా మార్చు సదుపాయమును 2023 అక్టోబరులో ఒమాన్ నిలిపివేసినది. అట్టి మాట నమ్మి వెళ్ళినవారు ధనమును, కాలమును కోల్పోవుదురు.

మూడవది, హక్కులను ఎరుగకపోవుట. 2023 జూలైలో వెలువడిన క్రొత్త కార్మిక చట్టము ప్రకారము పని దినమునకు 8 గంటలు, వారమునకు 40 గంటలు. పరీక్షాకాలము మూడు నెలలకు మించరాదు. వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే యజమాని పాస్‌పోర్టును తన వద్ద ఉంచుకొనరాదు. పరదేశీయునికి పనిచేసిన ప్రతి సంవత్సరమునకును ఒక నెల మూలవేతనము గ్రాట్యుటీగా రావలెను. 2021 జనవరి వరకు పాత యజమాని అభ్యంతరము లేదని వ్రాసి ఇచ్చినగాని పరదేశీయుడు మరొకచోట చేరుట కష్టముగా ఉండెను. ఆ నియమము తొలగినందున, ఒడంబడిక ముగిసినవాడు వేరొక సంస్థకు మారు వీలు కలిగినది.

నిలబడు మార్గము

'కూటికొరకు కోటి విద్యలు' అని పెద్దలమాట. కోటి విద్యలు అక్కరలేదు. పట్టాకు తోడు పనికివచ్చు విద్యలు రెండు మూడు చాలును. సివిల్ ఇంజనీరు అంచనాలు వ్రాయుట, కొలతలు చూచుట, భద్రతా నియమములను అమలుపరచుట నేర్చినచో ఒక తలుపు మూసినను మరొకటి తెరచుకొనును. అరబ్బీ భాషలో మాటలాడగలిగినవానికి పనివారితోను, అధికారులతోను పొత్తు కుదురును. స్వదేశీయుడైన యువకునికి పని నేర్పవలసి వచ్చినప్పుడు, తన చోటు పోవునని దాచుకొనుట కన్న నేర్పుటయే మేలు. నేర్పినవాని పేరు ఆ సంస్థలో నిలుచును. నేర్పుటలో అతని పనితనమును పదునెక్కును.

పట్టా పత్రములపై ప్రభుత్వ ధృవీకరణమును ఉద్యోగము దొరకకముందే చేయించుకొనవలెను. ప్రతి యజమాని వద్దను అనుభవ పత్రమును తీసికొనవలెను. జీతములో కొంత భాగమును తిరిగి వచ్చు దినము కొరకు ముందుగానే వేరుచేసి, మిగిలినదానితో సంసారము నడుపుకొనవలెను. తిరిగి వచ్చుట ఓటమి కాదు; నేర్చిన పనితో వచ్చినవాడు ఊరిలో పదిమందికి పని చూపగలడు.

గ్రహింపవలసిన అంశములు

1. పట్టా పనికి ద్వారము మాత్రమే. లోపల నిలుపునది నైపుణ్యము.
2. పరదేశమున పదవి తాత్కాలికము. ఆ దేశీయుల ప్రాధాన్యమును గౌరవించి, దానికి ముందే సిద్ధపడవలెను.
3. ఒడంబడికలోని వృత్తి, జీతము, గడువు, సెలవు, తిరుగు ప్రయాణము - ఈ ఐదింటిని చదువక సంతకము చేయరాదు.
4. పూర్వీకుల వేలిముద్రకు ఋణము తీర్చు విధానము, చదివి సంతకము చేయుటయే.

చర్చింపదగిన ప్రశ్నలు

1. ఈ ఇంటిలో మొదట ఓడ దిగినవారు ఏ ఒడంబడికపై వచ్చిరి? దాని విషయము ఇంటి పెద్దలకు ఎంతవరకు జ్ఞాపకమున్నది?
2. ఇంటిలోని పట్టభద్రునికి, పట్టా కాక, చేతిలో ఉన్న విద్య ఏది?
3. రేపు ఉద్యోగము పోయినచో ఆ విద్య ఎన్ని నెలలలో మరొక జీవనోపాధిని చూపగలదు?

ఈ ప్రశ్నలకు పిల్లలును, పెద్దలును కూర్చుండి సమాధానములు వెదకిన ఇంటిలో పట్టా గోడకు వ్రేలాడు పటముగా మిగిలిపోదు. బ్రతుకు నడుపు పనిముట్టుగా మారును.