శరీరం లోపల దీపం: ప్రతిదేహాలకు రంగు కట్టే విద్య

జ్వరం వస్తే ఆశా అక్క వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద వేయడం మనకు కొత్త కాదు. పట్టీ సరిగ్గా పనిచేస్తే ఒక ఎర్ర గీత ఎప్పుడూ వస్తుంది. మలేరియా ఉంటే ఇంకో గీత తోడవుతుంది. ఆ ఎరుపు రక్తానిది అనుకుంటాం, కాదు. మలేరియా పరాన్నజీవి ప్రోటీనును పట్టుకునే ప్రతిదేహాలకు (యాంటీబాడీలకు) బంగారపు అతి సన్నని రేణువులు కట్టి పట్టీలో ఉంచుతారు. బంగారం అంత సన్ననైతే ఎర్రగా కనిపిస్తుంది. అంటే పట్టుకునేది ప్రతిదేహం, చూపించేది రంగు. ఈ పనే బతికున్న జంతువు ఒంట్లో చేయగలమా? చేస్తున్నారు. ఎట్లాగో చూద్దాం.

ప్రతిదేహం అంటే?

రోగక్రిములను గుర్తుపట్టి పట్టుకోవడానికి మన శరీరం తయారుచేసే ప్రోటీను. ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. దాని రెండు చేతుల కొసలు ఒకే రకం గుర్తును పట్టుకుంటాయి, తాళానికి తాళంచెవిలాగా. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం ప్రతిదేహాలను ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రతిదీప్తి అంటే?

కొన్ని పదార్థాలు ఒక కాంతిని మింగి వేరే రంగు కాంతిని విడుస్తాయి. దుకాణంలో నోటును ఊదా దీపం కింద పెడితే నంబరు వెలుగుతుంది గదా, అదే ప్రతిదీప్తి. 1941లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్, ఆయన తోటివాళ్ళు న్యుమోనియా క్రిమిని పట్టే ప్రతిదేహానికి మొదటిసారి ఇట్లాంటి రంగు కట్టారు. ఆ రంగు నీలంగా వెలిగేది. జంతు కణజాలం కూడా తనంతట తాను నీలంగా మెరుస్తుంది. ఏది క్రిమో, ఏది కణజాలమో తేలలేదు. అందుకే తర్వాత ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కు మారారు. మన పాఠానికి మూలసూత్రం ఇక్కడే ఉంది: వెలుగు కనిపిస్తే చాలదు, అది ఎవరి వెలుగో తెలియాలి.

రంగు ఎట్లా కడతారు?

హోలీ రంగు కడిగితే పోతుంది. గోరింటాకు ఎరుపు పోదు, ఎందుకంటే అది చర్మంలోని ప్రోటీనుతో రసాయనబంధం వేసుకుంటుంది. ఇక్కడ కావలసింది గోరింటాకు లాంటి బంధమే. ప్రతిదేహంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం చాలాచోట్ల ఉంటుంది. దాని అమైన్ కొసను పట్టుకునే కొక్కెం ఉన్న రంగును వాడతారు. కొద్దిగా క్షారగుణం ఉన్న ద్రావణంలో (పిహెచ్ 8.3 దగ్గర) రెండింటినీ కలిపి, కాంతి తగలకుండా గంటసేపు ఉంచుతారు. ఆ ద్రావణంలో అమైన్లు ఉన్న వేరే పదార్థం ఉండకూడదు. ఉంటే కొక్కెం దాన్నే పట్టుకుంటుంది, ప్రతిదేహానికి రంగు మిగలదు.

తర్వాత అంటుకోని రంగును తీసేయాలి. సన్నని రంధ్రాలున్న పూసలు నింపిన గొట్టంలో మిశ్రమాన్ని పోస్తారు. చిన్నది ముందు వస్తుందనుకుంటాం. కాదు! చిన్న రంగు అణువులు పూసల రంధ్రాల్లో దూరి తిరిగి తిరిగి ఆలస్యంగా వస్తాయి. పెద్ద ప్రతిదేహాలు దూరలేక పక్కనుంచి ముందే దిగిపోతాయి.

ఎంత రంగు కట్టాలి? ఎక్కువైతే మంచిదే అనుకోవద్దు. పట్టుకునే చేతులు మూసుకుపోవచ్చు. పక్కపక్కనున్న రంగు అణువులు ఒకదాని వెలుగును ఒకటి ఆర్పేస్తాయి. కాలేయం కూడా అట్లాంటి ప్రతిదేహాన్ని త్వరగా లాగేసుకుంటుంది. అందుకే శరీరంలో చూసే పనికి ప్రతిదేహానికి సగటున ఒకటి, రెండు రంగు అణువులు ఉంటే మంచిదంటారు.

ఏ రంగు పనికొస్తుంది?

రాత్రి టార్చిలైటు మీద అరచేయి మూసి చూడండి. చేయి ఎర్రగా కనిపిస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ కాంతులను మింగేస్తుంది, ఎరుపు మాత్రం కొంత దాటి వస్తుంది. ఎరుపు అవతల, కంటికి కనిపించని పరారుణ కాంతి, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల వరకు, ఇంకా బాగా దాటుతుంది. అందుకే జంతువు ఒంట్లో చూడాలంటే ఆ కాంతిని విడిచే రంగు కడతారు. అది కెమెరాకే కనిపిస్తుంది. పుస్తకాల్లో ఎలుక బొమ్మ మీద కనిపించే ఎరుపు, పసుపు మచ్చలు కంప్యూటర్ వేసినవే.

ఎలుకలో చూడటం

క్యాన్సర్ గడ్డ ఉన్న ఎలుకకు తోక సిరలో రంగు కట్టిన ప్రతిదేహాన్ని ఎక్కిస్తారు. తర్వాత మత్తు ఇచ్చి చీకటి పెట్టెలో పడుకోబెట్టి ఫొటో తీస్తారు. మొదట ఒళ్ళంతా వెలుగే, ఎందుకంటే ప్రతిదేహం రక్తంలో రోజుల తరబడి తిరుగుతుంది. ఒకటి రెండు రోజులు పోయాక రక్తంలో తగ్గి, గడ్డలో మిగిలినది స్పష్టంగా కనిపిస్తుంది. రోజుకో ఎలుకను చంపి కోసి చూడకుండా, ఒకే ఎలుకను చాలా రోజులు చూడవచ్చు. మన దేశంలో ఇట్లాంటి ప్రయోగానికి ముందు సంస్థలోని నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

వెలుగు మోసం చేసే చోట్లు

ఎలుక మేతలో ఆకు ఉంటే అందులోని పత్రహరితం పొట్టలో ఎర్రగా వెలుగుతుంది. గడ్డ అనుకుంటే తప్పే! అందుకే ముందే ఆకు లేని మేతకు మారుస్తారు. ఇంకొకటి, గడ్డలోని రక్తనాళాలు కారుతుంటాయి, ఏ ప్రతిదేహమైనా అందులో కొంత చేరుతుంది. కాబట్టి ఆ గడ్డను గుర్తుపట్టని వేరే ప్రతిదేహానికి అదే రంగు కట్టి ఇంకో ఎలుకకు ఇస్తారు. రెండింటి తేడాయే అసలు సాక్ష్యం.

మనుషులకు ఏం లాభం?

నోట్లోనో గొంతులోనో క్యాన్సర్ కోసేటప్పుడు డాక్టరుకు ఒకటే చిక్కు: ఎక్కడ ఆపాలి? కొంచెం వదిలితే జబ్బు మళ్ళీ వస్తుంది. ఎక్కువ కోస్తే రోగికి మాట పోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. తల, మెడ క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందు రంగు కట్టిన ప్రతిదేహం ఇచ్చి, గడ్డ వెలగడాన్ని చూసిన ఫలితాలను 2015లో అమెరికా వైద్యులు ప్రచురించారు. 2020లో జపాన్ ఇంకో అడుగు వేసి, ప్రతిదేహానికి కట్టిన రంగు మీద ఎర్ర కాంతి వేసి క్యాన్సర్ కణాలను చంపే చికిత్సకు అనుమతి ఇచ్చింది. అయితే ఈ కాంతి సుమారు ఒక సెంటీమీటరు లోతు దాటితే మసకబారుతుంది. ఎలుక చిన్నది కాబట్టి సరిపోతుంది. మనిషిలో అయితే డాక్టరు తెరిచి చూసే చోటే పనికొస్తుంది.

ఆలోచించి జవాబు రాయండి

1. అంటుకోని రంగును తీసేయకుండా ఎలుకకు ఎక్కిస్తే ఫొటోలో ఏం కనిపిస్తుంది?
2. ఆకుపచ్చగా వెలిగే రంగును ఎలుక కాలేయం చూడటానికి ఎందుకు వాడరు?
3. రెండో ఎలుక లేకుండా ఒక్క ఎలుక ఫొటో చూపించి "గడ్డ దొరికింది" అంటే మీరేం అడుగుతారు?

మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.