పన్ను నోటీసు వస్తే ఏం చేయాలి? – చిన్న వ్యాపారులకు ఒక పాఠం



చిలకపాలెం కూడలినుండి ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం వరకు రోడ్డుకు ఇరుప్రక్కలా ఎన్నో చిన్న వ్యాపారాలున్నాయి. కిరాణా కొట్లు, ఇనుప సామాను దుకాణాలు, టిఫిను హోటళ్ళు, మోటారు మెకానిక్ షెడ్లు. వీటిని నడిపేవారు ప్రొద్దుననుండి రాత్రివరకు కష్టపడతారు గాని, పన్ను కాగితాలు మాత్రం ఆడిటరు గారికి అప్పగించి ఊరుకుంటారు. ఒకనాడు "జి.ఎస్.టి. నోటీసు వచ్చింది, లక్ష రూపాయలు కట్టాలట" అని వినగానే కాళ్ళు చేతులు ఆడవు. కొందరు ఆ కాగితాన్ని దాచివేసి, ఇంట్లో వారికి కూడా చెప్పరు. మరికొందరు భయపడి, వడ్డీకి అప్పు తెచ్చి అడిగినంతా కట్టేస్తారు. ఇద్దరూ నష్టపోతారు.

ఈ వారం పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. నోటీసు అంటే అధికారి వేసిన ప్రశ్న. దానికి గడువులోపల జవాబు చెప్పకపోతే అది బాకీగా మారుతుంది. ప్రతి మెట్టు దగ్గరా చట్టం మనకొక తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందో తెలిసికోవడమే మన పని.

1. నోటీసు ఎక్కడికి వస్తుంది?

మన పెద్దలు ఇప్పటికీ "సేల్స్‌టాక్స్ ఆఫీసు" అనే అంటారు. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం పోయి 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. అది పోయి 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. పూర్వం ఆఫీసు మనిషి దుకాణానికి వచ్చి, సంతకం పెట్టించుకొని కాగితం ఇచ్చేవాడు. ఇప్పుడు నోటీసును జి.ఎస్.టి. పోర్టల్‌లో పెడితే చాలు, చట్టం దృష్టిలో అది మీకు అందినట్టే. "నేను చూడలేదండి" అనే మాటను నమ్ముకోవడానికి లేదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. రిజిస్ట్రేషన్ చేయించిన రోజున ఆడిటరు గారి ఫోను నంబరు, ఆయన ఈమెయిలు ఇచ్చి ఉంటారు. నోటీసు ఆయనకు వెళుతుంది. ఆయన ఊరు మారినా, పని వత్తిడిలో చూడకపోయినా మీకు తెలియదు. కావున మొదట మీ సొంత ఫోను నంబరు, ఈమెయిలు పోర్టల్‌లో నమోదు చేయించండి. నెలకొకసారి మీ పిల్లలచేతనైనా పోర్టల్ తెరిపించి, "నోటీసెస్ అండ్ ఆర్డర్స్" అనే చోటును, "అడిషనల్ నోటీసెస్" అనే చోటును కూడా చూడండి. చాలా నోటీసులు ఈ రెండవ చోట ఉండి ఎవరి కంటా పడకుండా పోయాయి.

2. ఏ కాగితానికి ఎంత గడువు?

అన్ని నోటీసులూ ఒకటి కావు. పైన వ్రాసిన ఫారం నంబరు చూస్తే మీరు ఏ మెట్టుమీద ఉన్నారో తెలుస్తుంది.

జి.ఎస్.టి.ఆర్-3ఎ: మీరు రిటర్ను వేయలేదని గుర్తుచేసే కాగితం. 15 రోజులలో వేయాలి. వేయకపోతే అధికారి తన అంచనా ప్రకారం పన్ను కట్టి ఉత్తర్వు ఇస్తాడు (ఎ.ఎస్.ఎం.టి-13). ఆ ఉత్తర్వు వచ్చాక కూడా 60 రోజులలో రిటర్ను వేసి, పన్ను, వడ్డీ, ఆలస్య రుసుము కడితే ఆ ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది. మరో 60 రోజుల అవకాశం కూడా ఉన్నది గాని, దానికి అదనపు రుసుము పడుతుంది.

ఎ.ఎస్.ఎం.టి-10: మీ రిటర్నులో తేడా కనబడిందని అడిగే కాగితం. 30 రోజులలో జవాబివ్వాలి. జవాబు సరిపోతే ఆ విషయం అక్కడితో ముగుస్తుంది. అన్నింటికంటె తక్కువ ఖర్చుతో బయటపడే మెట్టు ఇదే.

డి.ఆర్.సి-01: ఇది షోకాజ్ నోటీసు. "ఇంత పన్ను మీరెందుకు కట్టకూడదు?" అని అడుగుతారు. నోటీసులో వ్రాసిన తేదీలోపల డి.ఆర్.సి-06లో జవాబు వేయాలి. "స్వయంగా వచ్చి చెప్పుకొంటాను" అని అందులోనే వ్రాయండి. మీరు అడిగితే విచారణకు పిలవడం అధికారి విధి.

డి.ఆర్.సి-07: ఇది ఉత్తర్వు. దీనితో నోటీసు బాకీగా మారింది. ఇక మీదట ముఖ్యమైన దారి అప్పీలు.

3. నిజంగా ఎంత బాకీ?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కిరాణా వర్తకుడికి 2024-25 సంవత్సరానికి 1,20,000 రూపాయల పన్ను కట్టమని డి.ఆర్.సి-01 వచ్చిందనుకోండి. అతని బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ముకూ, రిటర్నులో చూపిన అమ్మకాలకూ పొంతన లేదని అందులో ఉన్నది. ఇతను పాస్‌బుక్కు ముందు పెట్టుకొని ఒక్కొక్క పద్దూ గుర్తుచేసికోవాలి. చీటీ పాడిన డబ్బు అమ్మకం కాదు. భార్య డ్వాక్రా అప్పు అమ్మకం కాదు. విడిగా తూచి అమ్మిన బియ్యం, కూరగాయలు అమ్మకాలే గాని వాటిపై పన్ను లేదు. ఇలా లెక్క తేల్చగా 80,000 రూపాయలకు సమాధానం దొరికింది. మిగిలిన 40,000 మాత్రం నిజంగా చూపని అమ్మకాలమీద పన్ను.

అప్పుడు చేయవలసినది ఏమిటి? ఆ 40,000 రూపాయలను, ఏడాదికి 18 శాతం వడ్డీతో కలిపి నోటీసు వచ్చిన 60 రోజులలో కట్టి, మిగిలిన 80,000కు రుజువులతో జవాబు వేయాలి. మోసం ఆరోపణ లేని నోటీసులలో ఇలా గడువులో కట్టిన సొమ్ముపై పెనాల్టీ ఉండదు. 2023-24 వరకు ఉన్న సంవత్సరాల నోటీసులకైతే ఈ గడువు 30 రోజులే. గడువు దాటితే పన్నులో 10 శాతం గాని, 10,000 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది పెనాల్టీగా పడుతుంది. తెలిసి తెలిసి దాచారని తేలితే చివరకు పన్నుతో సమానంగా పెనాల్టీ పడవచ్చు.

కొన్నవాని దగ్గర పన్ను పేరిట తీసికొన్న సొమ్ము మనది కాదు. సుంకరి జక్కయ్య కథ తెలిసిన మనకు ఈ మాట వేరే చెప్పనవసరం లేదు. అలాగని, లేని బాకీని భయంచేత ఒప్పుకోవడం కూడా న్యాయం కాదు.

2025 జూలైలో కర్ణాటకలో ఏమి జరిగినదో చూడండి. ఫోను ద్వారా వచ్చిన సొమ్ము లెక్కలు చూచి అక్కడి అధికారులు చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చారు. పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మేవారికి కూడా అవి వెళ్ళాయి. కొందరు కొట్ల ముందు క్యూ.ఆర్. బోర్డులు పీకివేశారు. చివరకు అక్కడి ప్రభుత్వం పాత బాకీలు వసూలు చేయబోమని, అవసరమైనవారు రిజిస్టరు చేసికోవాలని చెప్పింది. మన రాష్ట్రంలో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బుడగట్లపాలెం తీరంలో పచ్చి చేపలవంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అయినా అమ్మకపు పుస్తకం ఒకటి వ్రాసి ఉంచితే, నోటీసు వచ్చిననాడు అదే మీ సాక్షి.

4. గడువు దాటితే?

ఉత్తర్వు అందిన 3 నెలలలో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరొక నెల ఇవ్వవచ్చు. ఆ తరువాత అప్పీలు అధికారి చేతిలో కూడా ఏమీ ఉండదు.

ఇది ఎంత కఠినమో మన కోస్తాలో పుట్టిన కేసే చెబుతుంది. గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ అనే పెద్ద కంపెనీకి, కాకినాడ పన్నుల అధికారికి మధ్య 2013-14 సంవత్సరపు పన్ను గురించి వివాదం వచ్చింది. 2017 జూన్‌లో వచ్చిన ఉత్తర్వుపై కంపెనీ 2018 సెప్టెంబరులో అప్పీలు వేసింది. ఆనాటి వ్యాట్ చట్టంలో గడువు 30 రోజులు, పైన మరో 30 రోజులు మాత్రమే. ఆ పని చూచే ఉద్యోగి తమకు తెలియజేయలేదని కంపెనీ చెప్పుకొన్నది. హైకోర్టు కనికరించింది గాని, 2020 మే 6న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. లాయర్లు, ఆడిటర్లు ఎందరో ఉన్న కంపెనీకే గడువు దాటాక దారి దొరకలేదు. ఇక మన సంగతి ఆలోచించండి.

అప్పీలుకు పూర్తి సొమ్ము కట్టనక్కరలేదు. ఒప్పుకొన్న పన్ను పూర్తిగాను, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతమూ కట్టాలి. పై ఉదాహరణలో అధికారి జవాబును అంగీకరించక 80,000 కూడా కట్టమంటే, దానిలో 8,000 కట్టి అప్పీలు వేయవచ్చు. అంతటితో అప్పీలు తేలేవరకు మిగతా వసూలు ఆగిపోతుంది.

5. వసూలు ఎలా చేస్తారు?

ఉత్తర్వు అందిన 3 నెలల వరకు సాధారణంగా వసూలుకు రారు. ఆ తరువాత చట్టం చాలా అధికారాలిచ్చింది. బ్యాంకుకు డి.ఆర్.సి-13 పంపి మీ ఖాతాలోని సొమ్ము తీసికోవచ్చు. మీకు బాకీ ఉన్న కొనుగోలుదారునే "ఆ సొమ్ము మాకు కట్టు" అనవచ్చు. సరుకును, స్థలాన్ని జప్తు చేసి వేలం వేయవచ్చు. కలెక్టరు ద్వారా, 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం, భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు.

ఖాతా బిగిసిపోయిందని బ్యాంకు మేనేజరుతో తగవు పడి లాభం లేదు. ఆయన ఉత్తర్వు పాటిస్తున్నాడు. అప్పీలు వేసి ఉంటే ఆ రశీదు, 10 శాతం కట్టిన చలానా జతచేసి పన్ను అధికారికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఒక ప్రతిపై ముద్ర వేయించుకోండి.

ఒక్కసారి కట్టలేనివారికి వాయిదాల సౌకర్యం ఉన్నది. డి.ఆర్.సి-20లో కమిషనరుకు దరఖాస్తు చేస్తే 24 నెలల వరకు వాయిదాలు ఇవ్వవచ్చు. అయితే నాలుగు సంగతులు గమనించగలరు. వడ్డీ ఆగదు. ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా ఒకేసారి కట్టాలి. 25,000 రూపాయల లోపు బాకీకి ఇది వర్తించదు. మీ రిటర్నులో మీరే చూపి కట్టకుండా వదిలిన పన్నుకు కూడా వర్తించదు. అటువంటి పన్నును షోకాజ్ నోటీసు లేకుండానే వసూలు చేయవచ్చు. కావున నెల నెలా పన్ను సొమ్మును అమ్మకపు గల్లానుండి వేరు చేసి ఉంచండి.

6. దొంగ నోటీసులు

ఈ భయాన్ని వాడుకొనే మోసగాళ్ళున్నారు. "ఇప్పుడే ఫోనులో కట్టకపోతే అరెస్టు" అనేవారిని నమ్మవద్దు. పన్ను ఎవరి సొంత ఖాతాకూ, ఎవరి ఫోను నంబరుకూ కట్టేది కాదు, పోర్టల్ ద్వారానే కట్టాలి. నోటీసుపై ఉన్న నంబరు అసలుదో కాదో పోర్టల్‌లో సరిచూసికోవచ్చు. కేంద్ర అధికారుల నోటీసులపై ఉండే "డి.ఐ.ఎన్." నంబరును వారి బోర్డు వెబ్‌సైటులో చూడవచ్చు.

ఈ వారం చేయవలసిన పనులు

1. పోర్టల్‌లో మీ సొంత ఫోను నంబరు ఉన్నదో లేదో చూడండి.
2. వేయని రిటర్నులు ఉంటే ముందు వాటిని వేయించండి.
3. నోటీసు ఉంటే అది అందిన తేదీని, చివరి తేదీని గోడమీద క్యాలెండరులో వ్రాయండి.
4. బాకీని రెండు భాగాలుగా విడదీయండి: నిజంగా ఉన్నది, లేనిది. మొదటిది కట్టండి, రెండవదానికి జవాబు వేయండి.
5. విషయం ఇంట్లో చెప్పండి. గుట్టుగా తెచ్చిన వడ్డీ అప్పు పన్ను బాకీకంటె ఎక్కువ సంసారాలను కూల్చింది.

ఈ పత్రికను చదివి ప్రక్కన పెట్టక, మీ వీధిలోని దుకాణదారునికి కూడా చూపించవలసినదిగా మనవి. అతని దగ్గర ఇంకా విప్పని కవరు ఒకటి ఉండవచ్చు, గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు.